ఒక కన్నా, రెండు కళ్ళా?

పిల్లిని పెంచుకునే ఇంట్లో దాని కంటికి ఏదైనా అయితే ముందు కనిపెట్టేది పిల్లలే. పెద్దవాళ్ళం దాన్ని పైనుంచి చూస్తాం. గిన్నెలో తిండి వేసేటప్పుడు మనకు కనిపించేవి వీపూ తోకా. పిల్లలు నేల మీద బోర్లా పడుకుని, దాని ముక్కుకు తమ ముక్కు ఆనించి చూస్తారు. "అమ్మా, దీని కంట్లో తెల్లగా ఏదో వచ్చింది" అని ఏడేళ్ళ పాప అంటే, స్టవ్ కట్టేసి వచ్చి ఒక్కసారి చూడమన్నదే నా మొదటి సలహా. చాలా ఇళ్ళలో ఆ మాటకు దొరికే జవాబు "నిద్రమత్తులే, పో, హోంవర్క్ చేసుకో" అని. రెండు రోజులు పోయాక పిల్లి మంచం కిందనుంచి బయటికి రావడం మానేస్తుంది. అప్పుడు అందరూ కంగారు పడతారు.

పిల్లి జబ్బును దాచుకునే జీవి. తను వేటాడుతుంది, తనను వేటాడేవీ ఉంటాయి. అడవిలో బలహీనత బయటపెట్టుకున్నది బతకదు. ఆ అలవాటు మన సోఫా మీదికి వచ్చినా పోలేదు. ఒళ్ళు బాగాలేకపోతే కాస్త తక్కువ తింటుంది, చీకటి మూల వెతుక్కుంటుంది, అంతకుమించి ఏమీ చెప్పదు. కన్ను మాత్రం దాని అదుపులో ఉండదు. రక్తపోటు, కాలేయం, రక్తహీనత, నరాలు, వైరస్‌లు, తిండిలో లోపం... వీటిలో ఏది ఎక్కువైనా కంటి మీద దాని గుర్తు పడుతుంది. పిల్లి కంటి గురించి నాలుగు విషయాలు తెలుసుకోవడమంటే దాని ఒంటి గురించి తెలుసుకోవడమే.

పిల్లలు ఏదైనా తేడా చెప్పగానే మీరు అడగాల్సిన ప్రశ్న ఒకటుంది: ఒక కన్నా, రెండు కళ్ళా? ఒక కంట్లోనే తేడా ఉంటే తరచుగా కారణం ఆ కన్నులోనో దాని చుట్టుపక్కలో ఉంటుంది. గోరు తగలడం, గడ్డిపరక గుచ్చుకోవడం, వీధి పిల్లితో పోట్లాట లాంటివి. రెండు కళ్ళలోనూ ఒకేలా కనిపిస్తే మిగతా ఒంటి గురించి ఆలోచించాలి. ఇది కచ్చితమైన సూత్రం కాదు. జలుబు చేసే వైరస్ ఒక కంటితో మొదలై రెండో కంటికి పాకుతుంది. ఒంట్లో ముదిరిన జబ్బు ఒక్కోసారి ఒక కంట్లోనే బయటపడుతుంది. అయినా డాక్టరు దగ్గర కూర్చోగానే ఆయన అడిగే మొదటి రెండు మూడు ప్రశ్నల్లో ఇదీ ఉంటుంది. జవాబు మీ అమ్మాయి నోట్లో సిద్ధంగా ఉంటే సగం పని అయినట్టే.

తేడా తెలియాలంటే మామూలుగా ఎలా ఉంటుందో తెలియాలి. పొద్దున ఎండ పడే బాల్కనీలో పిల్లి కూర్చున్నప్పుడు పిల్లల్ని పక్కన కూర్చోబెట్టి చూపించండి. వెలుగులో కనుపాప నిలువుగా సన్నని గీతలా ఉంటుంది. లోపలికి రాగానే విచ్చుకుంటుంది. ఆటలోనూ, భయంలోనూ పెద్దదై కన్నంతా నల్లగా కనిపిస్తుంది. రెండు పాపలూ ఎప్పుడూ ఒకే కొలతలో ఉండాలి. తెల్లగుడ్డు మామూలుగా పెద్దగా కనబడదు, పైరెప్ప కాస్త ఎత్తితే తెల్లగా ఉంటుంది. లోపలి మూలన పొద్దున్నే కొంచెం గోధుమరంగు పుసి ఉండటం మామూలే. రాత్రి ఫోన్ లైటు పడగానే కళ్ళు ఆకుపచ్చగానో పసుపుగానో మెరుస్తాయి. రెటీనా వెనక ఉండే అద్దం లాంటి పొర వెలుగును తిప్పికొట్టడం వల్ల ఆ మెరుపు. మనకు కావాల్సిన వెలుగులో ఆరో వంతుతోనే పిల్లి చూడగలగడానికి ఆ పొర కూడా ఒక కారణం. చీకట్లో ఆ కళ్ళు చూసి జడుసుకునే పిల్లలకు ఈ సంగతి చెబితే భయం పోయి, లైటు పట్టుకుని వెంటపడటం మొదలెడతారు. అదీ వద్దని చెప్పాలి.

కొత్తగా పిల్లికూన వచ్చిన ఇంట్లో ఇంకో కంగారు ఉంటుంది. "నీలం కళ్ళు ఉండేవి, ఇప్పుడు మారిపోతున్నాయి" అని. అది జబ్బు కాదు. పుట్టిన ప్రతి కూనకూ మొదట నీలి కళ్ళే. ఆరేడు వారాల నుంచి అసలు రంగు దిగడం మొదలై మూడు నాలుగు నెలలకు కుదురుకుంటుంది. సయామీ జాతిలో నీలం అలాగే నిలిచిపోతుంది. పెద్దయిన పిల్లికి రంగు మారితే మాత్రం వేరే కథ, అక్కడికి తర్వాత వస్తాను.

పిల్లి మన వైపు చూస్తూ నెమ్మదిగా రెండు కళ్ళూ మూసి తెరుస్తుందే, అది నమ్మకం. 2020లో ఇంగ్లండులోని ససెక్స్ విశ్వవిద్యాలయం వాళ్ళు దీని మీద ప్రయోగం చేశారు. మనుషులు అలా నెమ్మదిగా రెప్ప వేస్తే పిల్లులూ తిరిగి రెప్ప వేశాయి, కొత్త మనిషి అలా చేసినా దగ్గరకు రావడానికి ఎక్కువ మొగ్గు చూపాయి. పిల్లలకు ఇది నేర్పండి, చాలా ఇష్టంగా చేస్తారు. దీనితో పాటే దీనికి పూర్తిగా భిన్నమైనదాన్నీ నేర్పాలి. ఒక కన్ను సగం మూసి ఉంచడం, గబగబా టపటపలాడించడం, పంజాతో రుద్దుకోవడం, వెలుగు నుంచి మొహం తిప్పుకోవడం. ఇవన్నీ నొప్పికి గుర్తులు. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగుతుందని మనకో సామెత ఉంది గానీ, ఒంటికన్ను మూసుకుని తిరిగే పిల్లి దొంగతనం చేయడం లేదు, దానికి నొప్పిగా ఉంది. కంటి పైపొర మీద గీత పడినా పుండు పడినా ఇలాగే ఉంటుంది. రేపటికి చూద్దాం అనుకోకూడని లక్షణం ఏదైనా ఉందంటే నా లెక్కలో మొదటిది ఇదే. పుండు లోతుగా దిగితే ఒకటి రెండు రోజుల్లోనే కన్ను పోవచ్చు.

ఇక ఫ్రిజ్ తలుపులో ఉండే ఆ చిన్న సీసాల సంగతి. 2023 వానాకాలంలో కళ్ళకలక బళ్ళన్నీ చుట్టేసినప్పుడు మనలో చాలామంది కంటి చుక్కలు కొన్నాం. వాటిలో మిగిలినవి ఇంకా ఏ మూలనో ఉంటాయి. పిల్లి కన్ను ఎర్రబడగానే చెయ్యి అటే పోతుంది. దయచేసి వద్దు. ఆ సీసాల్లో కొన్నింటిలో స్టెరాయిడ్ ఉంటుంది. డెక్సామెథసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి పేర్లు లేబుల్ మీద చిన్న అక్షరాల్లో ఉంటాయి. కంటి మీద పుండు ఉన్నప్పుడు స్టెరాయిడ్ చుక్క పడితే ఎరుపు ఒక రోజు తగ్గినట్టే ఉంటుంది, లోపల పుండు మాత్రం ఇంకా లోతుకు పోతుంది. వైరస్ వల్ల వచ్చిన పుండయితే వైరస్‌కే బలం ఇచ్చినట్టవుతుంది. అదే స్టెరాయిడ్ చుక్కను వేరే జబ్బుకు డాక్టరే రాయవచ్చు. పుండు లేదని చూశాకే రాస్తారు. ఆ చూడటం మనవల్ల ఇంట్లో అయ్యే పని కాదు.

ఇంట్లో పెద్దవాళ్ళ వైద్యాలు కూడా ఉంటాయి. కళ్ళ మంటకు నందివర్ధనం పూలు పెట్టుకోవడం, కంట్లో చనుబాలు పిండటం, తేనె చుక్క, పసుపు నీళ్ళు, ఆముదం. నాయనమ్మ ప్రేమగా చెబుతుంది, ఆమె మాట కాదనడం ఇబ్బందే. పిల్లి కన్ను వేరు అని నెమ్మదిగా నచ్చజెప్పి, ఆమెకు చేతనైన మంచి పని ఒకటి ఒప్పజెప్పండి. కాచి చల్లార్చిన గోరువెచ్చని నీళ్ళలో దూది ముంచి, ముక్కు వైపు మూల నుంచి బయటికి తుడవడం. ఈ కంటికి వాడిన దూది ఆ కంటికి వాడకూడదు. ఇంట్లో చేయదగ్గ వైద్యం ఇంతవరకే. ఒక్క సందర్భంలో మాత్రం డాక్టరు కంటే ముందు మనమే కదలాలి. కంట్లో సున్నమో, ఫినాయిలో, బాత్‌రూమ్ యాసిడో పడితే, అప్పటికప్పుడు శుభ్రమైన నీళ్ళు పది పదిహేను నిమిషాలు ధారగా పోసి, ఆ తడితోనే ఆస్పత్రికి బయల్దేరాలి. మాటల్లో మాట, ఫినాయిల్‌తో తుడిచిన నేల ఆరేదాకా పిల్లిని ఆ గదిలోకి రానివ్వకండి. పాదాలకు అంటిన మందు నాకుతుంది, అదే పంజాతో కళ్ళూ తుడుచుకుంటుంది. ఫినాయిల్‌లో ఉండే ఫినాల్‌ను విరిచేసే శక్తి పిల్లి కాలేయానికి చాలా తక్కువ.

డాక్టరు ఏం చేస్తారో పిల్లలకు ముందే చెబితే వాళ్ళు ఏడవరు, పైగా ఆసక్తిగా చూస్తారు. నారింజ రంగు కాగితపు పట్టీని తడిపి కంటికి తాకిస్తారు. నీలం లైటు వేస్తే పుండు ఉన్నచోట రంగు అంటుకుని ఆకుపచ్చగా వెలుగుతుంది. కాసేపటికి పిల్లి ముక్కు నుంచి కూడా పచ్చని చుక్క రావచ్చు. కన్నీళ్ళ గొట్టం ముక్కులోకి తెరుచుకుంటుంది కాబట్టి అలా వస్తుంది, గొట్టం మూసుకుపోలేదనడానికి అది మంచి గుర్తు. ఇంకో చిన్న పరికరంతో కంటి లోపలి ఒత్తిడి కొలుస్తారు. మీ ఊరి పశువుల ఆస్పత్రిలో ఈ సదుపాయాలు లేకపోతే రాజేంద్రనగర్, తిరుపతి, గన్నవరం వెటర్నరీ కాలేజీల ఆస్పత్రులు ఉన్నాయి.

సెల్లార్‌లో దొరికిన కూనను పిల్లలు చొక్కాలో దాచుకుని తెచ్చే సందర్భం ప్రతి అపార్ట్‌మెంటులోనూ వస్తుంది. పిల్లి తన పిల్లల్ని ఏడిళ్ళు తిప్పుతుందంటారు కదా, ఆ తిప్పటంలో ఒకటి వెనకబడుతుంది, మీ వాడి కంట పడుతుంది. అలాంటి కూనల్లో చాలావాటికి కళ్ళు పుసులతో అంటుకుపోయి ఉంటాయి, తుమ్ములు ఉంటాయి. ఎక్కువగా అది పిల్లుల హెర్పిస్ వైరస్. కాలిసీవైరస్, క్లమీడియా అనే సూక్ష్మజీవి కూడా ఉండొచ్చు. రెప్పల్ని బలవంతంగా విడదీయకండి. వెచ్చని తడి దూది కొన్ని నిమిషాలు ఆనించి ఉంచితే పుసి నాని తనంతట తనే వస్తుంది. తర్వాత డాక్టరు. ఇంకా కళ్ళు తెరవని పసికూనలకు, అంటే పుట్టి వారం పది రోజుల లోపువాటికి, మూసిన రెప్పల కింద ఉబ్బెత్తుగా కనిపిస్తే లోపల చీము చేరిందని అర్థం. ఆ రోజే తెరిపించి కడిగిస్తే కన్ను నిలుస్తుంది.

హెర్పిస్ ఒకసారి వచ్చిందంటే నరాల్లో దాక్కుని ఉండిపోతుంది. ఇల్లు మారినప్పుడు, ఇంట్లోకి పసిబిడ్డ వచ్చినప్పుడు, సంక్రాంతికి ఊరెళ్తూ పిల్లిని హాస్టల్లో వదిలినప్పుడు, ఆ ఒత్తిడికి మళ్ళీ కన్ను నీరు కారుతుంది. ఇలాంటి పిల్లి ఇంట్లో ఉంటే ప్రయాణాల తర్వాత వారం రోజులు కళ్ళ మీద ఒక కన్నేసి ఉంచండి. ఆరు నుంచి ఎనిమిది వారాల వయసులో మొదలుపెట్టి, నాలుగు నెలలు వచ్చేదాకా మూడు నాలుగు వారాలకోసారి వేయించే టీకాలో హెర్పిస్, కాలిసీ రెండింటికీ రక్షణ ఉంటుంది. టీకా జబ్బును పూర్తిగా ఆపకపోయినా తీవ్రతను బాగా తగ్గిస్తుంది. ఈ హెర్పిస్ మనుషులకు అంటదు. మీ అబ్బాయికి వచ్చిన కళ్ళకలక దాదాపు ఎప్పుడూ బడిలో ఇంకో పిల్లవాడి దగ్గర నుంచి వచ్చిందే. పిల్లి మీద నేరం మోపి దాన్ని వదిలేసి రావాల్సిన పని లేదు. క్లమీడియా మాత్రం అరుదుగా మనుషుల కంటికి సోకవచ్చు కాబట్టి, పుసులు తుడిచిన చేతులు సబ్బుతో కడుక్కోవడం అందరికీ అలవాటు చేయండి.

చదునైన మొహం ఉన్న పర్షియన్ పిల్లుల గురించి ఒక్క మాట. హైదరాబాదులో వీటి మోజు ఎక్కువ. వాటి కళ్ళు బయటికి ఉబికి, కన్నీళ్ళ దారి వంకర తిరిగి, ఎప్పుడూ నీరు కారుతూనే ఉంటాయి. ఆ నీటికి అలవాటుపడి అసలు జబ్బును వదిలేస్తాం. కంటి పైపొర మీద గోధుమ రంగులోనో నల్లగానో మచ్చ కనిపిస్తే అది చనిపోయిన కణజాలం. పర్షియన్లలో, హిమాలయన్లలో ఇది ఎక్కువ, ఆపరేషన్‌తో తీయాల్సి రావచ్చు.

లోపలి మూల నుంచి తెల్లటి పొర కంటి మీదికి జరిగి వచ్చి నిలవడం అమ్మానాన్నల్ని బాగా భయపెట్టే దృశ్యం. అది కొత్తగా మొలిచింది కాదు, పిల్లికి పుట్టుకతో ఉండే మూడో రెప్ప. నిద్రలోంచి లేచినప్పుడు క్షణం పాటు కనిపించి వెళ్ళిపోతుంది. మేలుకుని ఉన్నప్పుడు కూడా రెండు కళ్ళలో అలాగే నిలిచిందంటే ఒళ్ళు నీరసపడిందని చెప్పొచ్చు. విరేచనాలు, నీరు తగ్గిపోవడం, పురుగులు, జ్వరం, బరువు కోల్పోవడం, వీటిలో ఏదైనా కావచ్చు. ఒక కంట్లోనే మూడో రెప్ప పైకి వచ్చి, ఆ వైపు కనుపాప చిన్నదై, పైరెప్ప వాలిపోతే నరం దెబ్బతిన్నట్టు. చెవి లోపలి జబ్బు వల్ల కూడా ఇలా వస్తుంది. అందుకే కన్ను చూపించడానికి వెళ్ళిన మీతో డాక్టరు చెవులు చూస్తానంటే ఆశ్చర్యపోకండి.

ఇప్పుడు పెరుగన్నం గురించి చెప్పాలి. మనసు నొప్పించే మాటే, అయినా చెప్పాలి. మన ఇళ్ళలో పిల్లి అనగానే పాలు, పాలన్నం, పెరుగన్నం. పిల్లి పుట్టుకతో మాంసాహారి. టారిన్ అనే పదార్థాన్ని దాని ఒళ్ళు సరిపడా తయారు చేసుకోలేదు. పైగా పైత్యరసంతో పాటు రోజూ కొంత పోగొట్టుకుంటూ ఉంటుంది. ఆ లోటు మాంసం, చేపల నుంచే తీరాలి. బియ్యంలో, పప్పులో టారిన్ లేదు, పాలలో ఉన్నది ఏ మూలకూ చాలదు. 1975లో అమెరికాలో హేయ్స్ అనే శాస్త్రవేత్త, ఆయన సహచరులు ఈ సంగతి బయటపెట్టారు. పాలలోని కేసీన్ అనే మాంసకృత్తునే ఆధారంగా చేసుకుని పెట్టిన తిండితో పిల్లుల రెటీనా నెమ్మదిగా చచ్చిపోయింది. 1987లో పాల్ పియాన్ అనే పశువైద్యుడి బృందం అదే లోపం గుండె కండరాన్నీ సాగదీసి బలహీనపరుస్తుందని చూపించింది. ఆ తర్వాతే కంపెనీలు పిల్లుల తిండిలో టారిన్ పెంచాయి.

"మా ఊళ్ళో పిల్లి పెరుగన్నం తినే పదేళ్ళు బతికింది" అని తాతగారు అంటారు. నిజమే. ఆ పిల్లి పగలు పెరుగన్నం తిని, రాత్రి గాదె దగ్గర ఎలుకల్ని పట్టుకుంది. ఎలుకలో టారిన్ దండిగా ఉంటుంది. నాలుగో అంతస్తు ఫ్లాటులో తలుపులు మూసి పెంచే మీ పిల్లికి ఆ రాత్రి భోజనం లేదు. దానికి మీరు గిన్నెలో వేసిందే తిండి. చూపు నెలల తరబడి మెల్లగా తగ్గుతుంది. తెలిసిన ఇంట్లో గోడలూ గుమ్మాలూ గుర్తుపెట్టుకుని తిరుగుతుంది కాబట్టి ఎవరికీ తెలియదు. మీ పిల్లలకు కనిపించే గుర్తులు చిన్నవి. ఎండలో కూడా కనుపాపలు మునుపటి కంటే పెద్దగా ఉండటం, అల్మరా మీదికి దూకబోయి అంచనా తప్పడం, దొర్లించిన బంతిని చూడకుండా చప్పుడును బట్టి వెంటపడటం లాంటివి. పోయిన రెటీనా తిరిగి రాదు. ముందే పట్టుకుంటే నష్టం అక్కడితో ఆగుతుంది.

శాకాహారుల ఇల్లయితే ఏం చేయాలి? మీ వంటింట్లోకి మాంసం తేనక్కరలేదు. పిల్లుల కోసం చేసిన పొడి తిండిలో టారిన్ కలిపే ఉంటుంది, దానికో విడి గిన్నె, విడి మూల పెట్టండి. అది కూడా ఇష్టం లేని ఇంట్లో పిల్లిని పెంచకపోవడమే దానికి మేలని నా అభిప్రాయం. పిల్లలు అడిగితే కుందేలు ఉంది, పావురాలకు గింజలు ఉన్నాయి. కోడిమాంసం ఉడికించి పెట్టేవాళ్ళు ఉడికిన నీళ్ళు పారబోయకండి, టారిన్ ఆ నీళ్ళలోకి దిగుతుంది. కుక్క తిండి పిల్లికి పనికిరాదు. టారిన్‌ను కుక్క తనంతట తను తయారు చేసుకుంటుంది కాబట్టి కుక్క తిండిలో దాన్ని పిల్లికి సరిపడా కలపరు.

తెల్లగుడ్డు పసుపుగా మారితే పచ్చకామెర్లు. చెవి లోపలి చర్మం, చిగుళ్ళు కూడా పసుపుగా ఉన్నాయేమో చూడండి. పిల్లులకు ఉండే ఒక ప్రత్యేకమైన ప్రమాదం ఏమిటంటే, లావుగా ఉన్న పిల్లి ఏ కారణం వల్లైనా కొన్ని రోజులు తినకపోతే ఒంట్లోని కొవ్వంతా కాలేయానికి చేరి దాన్ని ముంచేస్తుంది. మనిషిలా పిల్లి లంకణం చేయకూడదు. ఒక రోజంతా ఏమీ ముట్టలేదంటే డాక్టరుకు ఫోన్ చేయాలి. రెప్ప లోపలి భాగం గులాబీ రంగు పోయి పాలిపోతే రక్తం తక్కువైంది. చిన్న కూనల్లో ఒంటి మీద గెంతే పురుగులు తాగిన రక్తం వల్లే ఇది జరిగిపోతుంది.

కన్ను ఎర్రగా ఉంది, ఒళ్ళు వెచ్చగా ఉంది, పాపం జ్వరమేమో అని పిల్లల పారాసిటమాల్ సిరప్ ఒక చెంచా పోసేవాళ్ళున్నారు. పిల్లికి పారాసిటమాల్ విషం. ఒక మాత్ర చాలు ప్రాణం తీయడానికి. చిగుళ్ళు గోధుమరంగుకు తిరుగుతాయి, మొహం, పంజాలు వాస్తాయి. పొరపాటున ఇచ్చి ఉంటే గంటలు లెక్కపెట్టకుండా వెంటనే తీసుకెళ్ళి, ఎంత ఇచ్చారో దాచకుండా చెప్పండి. విరుగుడు ఉంది. కుక్కలకు మెడ మీద వేసే పురుగుల మందు కూడా ఇంతే. పర్‌మెత్రిన్ ఉన్నది పిల్లికి వేస్తే ఒళ్ళంతా వణుకు, విచ్చుకుపోయిన కనుపాపలు, మూర్ఛ.

పదేళ్ళు దాటిన పిల్లి ఒక ఉదయం కుర్చీ కాలికి గుద్దుకుంటే, రెండు కనుపాపలూ ఎండలో కూడా నల్లగా, గుండ్రంగా ఉండిపోతే, రక్తపోటు అనుమానించాలి. కిడ్నీ జబ్బుతోనూ, థైరాయిడ్ ఎక్కువ కావడంతోనూ ముసలి పిల్లుల్లో బీపీ పెరుగుతుంది. ఆ ఒత్తిడికి రెటీనా ఊడి వస్తుంది, కంట్లో రక్తం కూడా కనిపించవచ్చు. ఆ రోజే బీపీ చూసి మందు మొదలుపెడితే కొన్నింటికి కొంత చూపు తిరిగొస్తుంది. డాక్టరు రాసే మందు పేరు చూసి మీరు నవ్వుకోవచ్చు, ఆమ్లోడిపిన్, తాతగారి డబ్బాలో ఉన్నదే. మోతాదు మాత్రం చాలా చిన్నది, అందుకని ఆ డబ్బా జోలికి వెళ్ళొద్దు. ఈ వయసులో చూపు బాగానే ఉండి, కనుపాప లోపల లేత నీలపు మసక కనిపిస్తే అది తరచుగా వయసు వల్ల వచ్చేదే. అయినా ఒకసారి చూపించుకుంటే మనసుకు నిమ్మళం.

పెద్ద పిల్లి కంటి రంగు మారడం గురించి చెబుతానన్నాను. కనుపాప చుట్టూ ఉన్న పసుపు లేదా ఆకుపచ్చ భాగం ఒక కంట్లో కళ తప్పిన ఎర్రటి గోధుమరంగుకు తిరిగి, కన్ను మసకబారి, పాప చిన్నదైతే కన్ను లోపల వాపు ఉన్నట్టు. దీని వెనక పిల్లుల ఎయిడ్స్ వైరస్, లుకేమియా వైరస్, టాక్సోప్లాస్మా అనే క్రిమి, ఎఫ్‌ఐపీ అనే జబ్బు ఏవైనా ఉండొచ్చు. రక్తపరీక్షలు తప్పవు. రెండేళ్ళ లోపు పిల్లుల్లో ఎక్కువగా కనిపించే ఎఫ్‌ఐపీకి కొన్నేళ్ళ కిందటి దాకా చావే జవాబు. ఇప్పుడు యాంటీవైరల్ మందులతో చాలా పిల్లులు బతికి బయటపడుతున్నాయి, ఖర్చు మాత్రం ఎక్కువే. వాపును వదిలేస్తే నీటికాసులు వస్తాయి, కన్ను ఉబ్బుతుంది. అదే రంగు భాగం మీద కొత్తగా గోధుమ మచ్చ పుట్టి పెరుగుతూ ఉంటే ఫోటోలు తీసి నెలనెలా పోల్చండి, డాక్టరుకు చూపించండి. కొన్ని మచ్చలు ఏమీ చేయవు, కొన్ని క్యాన్సర్‌గా మారతాయి.

మందు వేసేటప్పుడు పిల్లల్ని పట్టుకోమనకండి. నొప్పితో ఉన్న పిల్లి ఎంత మంచిదైనా కరుస్తుంది, గీరుతుంది. ఒకవేళ కరిచినా గీరినా సబ్బుతో పదిహేను నిమిషాలు పారే నీటి కింద కడిగి, మీ డాక్టరును రేబిస్ టీకా గురించి అడగాలి. ఇంటి పిల్లే కదా అని ఊరుకోవద్దు. పెద్దవాళ్ళు ఇద్దరు ఉంటే ఒకరు తువ్వాలులో చుట్టి పట్టుకోవాలి, ఇంకొకరు వెనకనుంచి తల మీదుగా సీసా తెచ్చి చుక్క వేయాలి. ఎదురుగా సీసా వస్తే బెదురుతుంది. రెండు రకాల చుక్కలుంటే మధ్య ఐదు నిమిషాలు ఆగి, ఆయింట్‌మెంట్ చివర్లో వేయండి. పిల్లలకు రెండు పనులు ఉన్నాయి. చుక్కలు పడ్డాక పిల్లికి ఇష్టమైన ముక్క పెట్టడం, నోటు పుస్తకంలో తేదీ, ఏ కన్ను, ఎంత తెరిచింది, ఏం తిన్నది రాయడం. ఆ పుస్తకం డాక్టరుకు మీ జ్ఞాపకం కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. రోజూ ఒకే చోట, ఒకే వెలుగులో తీసిన ఫోటో ఉంటే మరీ మంచిది.

ఇంట్లో గర్భిణి ఉంటే టాక్సోప్లాస్మా గురించి భయపెట్టేవాళ్ళు చాలామంది వస్తారు. ఇసుక ట్రేను రోజూ ఇంకొకరు శుభ్రం చేస్తే, పిల్లికి పచ్చి మాంసం పెట్టకపోతే, ప్రమాదం చాలా తగ్గుతుంది. మలంలో వచ్చిన ఆ క్రిమి ఇతరులకు సోకే స్థితికి రావడానికి కనీసం ఒక రోజైనా పడుతుంది, అందుకే రోజూ తీసేయడం.

కొన్నిసార్లు ఎంత చేసినా చూపు పోతుంది, లేదా నొప్పి తగ్గడానికి కన్నే తీసేయాల్సి వస్తుంది. పిల్లలతో అబద్ధం చెప్పకండి. "ఆ కన్ను నొప్పి పెడుతోంది, తీసేస్తే నొప్పి ఉండదు" అంటే ఐదేళ్ళవాడికీ అర్థమవుతుంది. "నేను ముందే చెప్పానుగా" అని వాడు అంటే, వాడి మాట నిజమైతే ఒప్పుకోండి. తాము చూడలేదనే బెంగ పెట్టుకునే పిల్లలు కూడా ఉంటారు, వాళ్ళకు అది వాళ్ళ తప్పు కాదని ఒకటికి రెండుసార్లు చెప్పాలి. రెండు కళ్ళూ లేని పిల్లి కూడా మీసాలతో, చెవులతో, వాసనతో ఇల్లంతా తిరుగుతుంది. తిండిగిన్నె, నీళ్ళగిన్నె, ఇసుక ట్రే ఉన్న చోటే ఉండాలి, మంచాలూ కుర్చీలూ జరపకూడదు, బడి సంచులు దారిలో పడేయకూడదు. ముట్టుకునే ముందు పేరు పెట్టి పిలవాలి. బాల్కనీకి వల కట్టించేదాకా ఆ తలుపు గడియ తీయకండి.